ఐదో ప్రతివాది

కర్పూరం బిళ్ళ సగం కాలింది. గదిలో ఎవరూ కదల్లేదు.

పళ్ళెంలో అది మూడో బిళ్ళ. మొదటిది మంజునాథ్ తిట్లు పూర్తయ్యేలోపే కొండెక్కింది. రెండోదాన్ని ఫ్యాను ఆర్పేసింది. ఫ్యాను చేసిన ప్రమాణం చెల్లదని మంజునాథే లేచి, స్విచ్చి కట్టి, మూడోది వెలిగించి పెళ్ళాం ముందుకు తోశాడు.

"ఆర్పుమే," అన్నాడు. "మా నాయన సంగతులు ఆ సినిమావాళ్ళకి నేను చెప్పలేదని దేవుని పేరు తీసి అరచేత్తో ఆర్పు. కత్తి మింగమంటినా ఏమన్నా?"

"ఆర్పుతా," అంది శశికళ. చేతులు మాత్రం కట్టుకునే ఉంది. "నేను ఆర్పినంక నువ్వు ఆర్పాల. నువ్వు ఆర్పినంక అత్త ఆర్పాల. ఒక్కదాని చెయ్యే కాలాలని ఏ శాస్త్రంలో ఉండాది?"

"అమ్మ ఎందుకు ఆర్పాల?"

"నేనెందుకు ఆర్పాల?"

దివాను మీద కూర్చున్న సావిత్రమ్మ తన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా అది వంకర. చలికాలంలో సలుపుతుందని ఎప్పట్నుంచో తెలుసు. అబద్ధం దగ్గర కూర్చున్నా సలుపుతుందని ఈ మూడు రోజుల్లోనే తెలిసింది.

మూడు రోజులంటే, ట్రైలరు వచ్చి మూడు రోజులు. అందులో యలహంక పైల్వాన్ ఒకడు. మెలితిప్పిన మీసం, చితికిన ఎడమ చెవి, చిలకపచ్చ పట్టు తలపాగా. పేరొక్కటే మార్చారు. గోడ మీద గద పట్టుకుని నిలబడ్డ మంజునాథ్ తండ్రి గరడి వెంకటగిరియప్ప ఫొటో పక్కన వాణ్ణి నిలబెడితే, ఎవరు అసలో ఎవరు నకలో తేల్చడానికి పోలీసు కుక్కను పిలవాలి.

ఆ పైల్వాన్ తెరమీద నలుగుర్ని నరికాడు. మంజునాథ్ ఈలేశాడు. అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర ఒంటిచేత్తో లారీని ఆపాడు. మంజునాథ్ కళ్ళు తుడుచుకున్నాడు. లారీ సంగతి ఊరికంతా తెలిసిందే, తండ్రి పోయిన ఈ పన్నెండేళ్ళుగా తిథి తిథికీ తద్దినం భోజనాల దగ్గర అతను చెప్పేదే. మొదటి ఏడాది అది ఖాళీ మెటాడోరు. మూడో ఏటికి ఇటుకల లారీ అయింది. ఏడో ఏటికి పది చక్రాలొచ్చి, గ్రానైటు రాళ్ళెక్కాయి. మొన్న యూట్యూబువాళ్ళు మైకు పెట్టేసరికి చక్రాలు పదహారైనాయి, పైగా డ్రైవరు బ్రేకు కాదు, యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. ఇంకో నాలుగు తిథులు గడిస్తే హోసూరు రైలు ఆగేది.

అంతదాకా ఇంట్లో పండగే. ఆ తర్వాత వచ్చింది తంటా. చారులో ఉప్పు తక్కువైందని పైల్వాన్ పెళ్ళాం మణికట్టు మీద కుస్తీ పట్టు వేశాడు. టక్కుమంది. తర్వాత తనే గుడ్డు సొనలో మినపపిండి కలిపి కట్టు కట్టాడు. "ఎవరడిగినా బావికాడ జారిపడితి అను," అన్నాడు. ట్రైలరు ముగిసేముందు ఆ పెళ్ళాం సంగటి తెడ్డు ఎత్తి మొగుడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. పైల్వాన్ కూలాడు. తెర నల్లబడింది. విడుదల శుక్రవారం.

నరుకుళ్ళకు లేవని మంజునాథ్ తెడ్డుకు లేచాడు.

"ఆ కట్టు సంగతి బయటోళ్ళకి ఎట్ల తెలిసింది?" ఇప్పటికి నలభైసార్లు అడిగిన మాట మళ్ళీ అడిగాడు. "గుడ్డు, మినపపిండి! ఈ నాలుగు గోడల నడుమ మాట అది. అమ్మ నీకు చెప్పింటాది, నువ్వు ఊరికి చెప్పింటావు. నీ నోటికి తాళమెక్కడ ఉండాది?"

అది జరగలేదని కొడుకు ఒక్కసారీ అనలేదు. ఎవరు చెప్పారనే అంటున్నాడు. సావిత్రమ్మ గమనించింది.

"ఏమ్మా, నువ్వన్నా చెప్పు. దీనికి చెప్పినావా లేదా?"

సావిత్రమ్మ కర్పూరం వైపు చూసింది. శశికళ అత్త వైపు చూసింది. ఆ చూపులో అడగడమూ లేదు, బతిమాలడమూ లేదు. సంతలో మేకపళ్ళు చూసేవాడి చూపు అది.

"లేదప్పా," అంది సావిత్రమ్మ. "దానికి చెప్పలే."

అది నిజమే. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

కర్పూరం దానంతట అదే ఆరిపోయింది.

"నాలుగోది వెలిగిస్తావా?" అంది శశికళ. "డబ్బీలో ఇంకా ఎన్నుండాయి?"

మంజునాథ్ పళ్ళేన్ని కాలితో తన్నాడు. అది వెళ్ళి తండ్రి ఫొటో కింద గోడకు తగిలి గిర్రున తిరిగింది. "పన్నెండుకి లాయరు దగ్గర అమ్మ సంతకం పెడుతుంది. సినిమాకి స్టే వస్తుంది. స్టే వచ్చినంక నీ సంగతి. గురువారం లోపల నిజం కక్కలేదంటే బట్టలు సర్దుకో. బొమ్మనహళ్ళి బస్సు నేనే ఎక్కిస్తా, మీ అమ్మింట్లో కూర్చుని కథలు చెప్పుకో."

"బస్సెందుకు? నా బండి నాకుండాది."

*

వంటింట్లో శశికళ పితికిపప్పు చేస్తోంది. నానిన అనపగింజలను ఒక్కొక్కదాన్నే వేళ్ళ మధ్య పెట్టి నొక్కుతోంది. ఒక్కో గింజా మెడ పిసికినట్టు తోలు వదిలి గిన్నెలో పడుతోంది. టప్. టప్.

"శశీ."

టప్.

"శశీ, నిన్నే."

"చెవుడు రాలేదత్తా. చెప్పు."

"వాడి నోరు అట్లాంటిది. మనసులో ఏమీ..."

"మనసులో ఇంకా కంపుండాది, నాకు తెలుసు. ఆ మాట చెప్పేకా ఇంత దూరం లేచొచ్చినావు?"

అందుకు కాదు. చెప్పాలనుకున్నది వేరే.

శశికళ తలెత్తలేదు. "ఫిజియోథెరపీ సహన రూముకి తలుపు సరిగ్గా పడదు. నీకు తెలుసా?"

సావిత్రమ్మ గ్యాసు బండ పట్టుకుంది.

పోయినేడాది మణికట్టు బొత్తిగా తిరగనంటే తొమ్మిది రోజులు సహన దగ్గరికి వెళ్ళింది. రోజూ బండి మీద దింపి, తీసుకొచ్చింది శశికళే. ఎట్ల విరిగింది అవ్వా అని మొదటిరోజే అడిగింది ఆ పిల్ల. బావికాడ జారినా అంది. రెండోరోజు ఆవు తన్నింది అంది. "అవ్వా, ఆవు తన్నితే ఎముక ఇట్ల తిరగదు," అని నవ్వి, సహన వేడినీళ్ళ సంచి చేతికింద పెట్టింది. ఆ వేడికి కరిగింది ఎముక కాదు. మూడోరోజు ఉప్పు, చారు, పట్టు, గుడ్డు అన్నీ బయటికొచ్చాయి.

గరడి మనెలో, కుస్తీ నేర్చే చోట, చెయ్యి మెలితిప్పడం తెలిసినవాడికి ఎముక కట్టడమూ తెలుసు. యలహంకలో ఎవరి కాలు విరిగినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. తను విరిచినదాన్ని తనే కట్టి, పెళ్ళానికి ఎంత సేవ చేస్తాడో చూడండని వీధి చేత అనిపించుకున్నాడు.

తొమ్మిదోరోజుకు తెడ్డు కూడా వచ్చింది. తెడ్డు మాత్రం తను కోసిన కోత. యాభై ఏళ్ళు సంగటి గెలికిన తెడ్డును ఒక్కనాడన్నా ఎత్తి ఉంటే బాగుండేదనిపించి, చెప్పేటప్పుడు ఎత్తేసింది. కొడుకు తండ్రి చేత లారీ ఆపించగా లేనిది, ఈమె తన చేత తెడ్డు ఎత్తించుకుంటే తప్పా?

"మా అన్న సినిమాలకు కథలు రాస్తాడవ్వా. ఇది చెప్పనా?" అంది సహన వెళ్ళేటప్పుడు.

"చెప్పుకో తల్లీ. నమ్మేదెవరు?" అంది సావిత్రమ్మ.

నమ్మారు. కెమెరాలు పెట్టి మరీ నమ్మారు.

"తొమ్మిది రోజులు బయట కుర్చీలో కూసోనుంటి," అంది శశికళ. "అన్నీ విన్నా."

"మరి వాడికి చెప్పలేదేమే?"

"నీ మీద ప్రేమనుకోవద్దు." టప్. "నా పెళ్ళైన కొత్తలో నీ కొడుకు నా చెంప పగలగొట్టినాడు. నీ దగ్గరికొచ్చి ఏడిస్తి. అప్పుడేమన్నావో గుర్తుండాదా? మొగుడు కొట్టినందుకు కాదంట, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట, నీకు తోడికోడలు కూడా లేదే, ఏంటికేడుస్తావు అన్నావు. నవ్వతా అన్నావు."

"ఆ కాలంలో..."

"ఏ కాలమైతేనేం. ఆ పొద్దు నీ చెయ్యి నాకు చూపించినావా? బావికాడ జారినా అన్నావు. ఇరవై రెండేండ్లు అదే బావి. మన ఇంటికి బావే లేదత్తా! పరాయి పిల్లకి మూడోరోజే చెప్పేసినావు." శశికళ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది. "అందుకే సుమ్నే నోరు మూసుకోని ఉండా. నా మీద తిట్లు పడతా ఉంటే నువ్వు ఎన్నాళ్ళు దివాను మీద హాయిగా కూర్చుంటావో చూద్దామని ఉండా."

సావిత్రమ్మ గట్టు మీద రాలిన అనప తోళ్ళు ఏరి పోగు చేసింది.

"చీర మార్చుకో," అంది శశికళ. "పన్నెండవుతాంది. నిన్ను మోసుకుపోయేది కూడా నేనే కదా."

*

లాయరు హేమంత్‌కుమార్ ఆఫీసు ఒక బేకరీ పైన. కింద పఫ్‌లు కాలుతుంటే పైన ఫైళ్ళకు కూడా ఆకలేసేటంత వాసన. సినిమా దావా అంటే ఆయనకు పెళ్ళిభోజనం. ఇంతకు ముందు ఒక పాట మీద, ఒక పోస్టరు మీద వేశాడు. రెండూ ఓడిపోయాడు గాని, రెండుసార్లూ టీవీలో కనిపించాడు.

"చూడండి సార్, కేసు రెండు కాళ్ళ మీద నిలబడాలి," అన్నాడు మంజునాథ్‌తో. "ఒకటి, సినిమాలో ఉన్నది మీ నాన్నగారే. రెండు, మీ నాన్నగారు అట్లాంటివారు కాదు."

"అంతే సార్."

"మీరిచ్చిన పోలికల లిస్టులో ఇరవై మూడు ఐటెమ్స్ ఉన్నాయి. ఆరోదాని ఎదురుగా 'నలుగురిని నరికినది నిజమే' అని రాశారు."

"నలుగురు కాదు సార్. వాళ్ళు తగ్గించినారు."

హేమంత్‌కుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనం వేసేది పరువునష్టం దావా సార్."

"అవును. మా నాయన్ని ఆడది కొట్టిందని చూపిస్తారా? వీధిలో తలెట్ల ఎత్తుకోవాల?"

"అంటే మర్డర్లు పర్వాలేదు. తెడ్డు మాత్రం డిఫమేషన్."

"మీకు కరెక్టుగా అర్థమైంది సార్."

లాయరు ఒక క్షణం కిటికీ వైపు చూసి, మళ్ళీ అద్దాలు పెట్టుకున్నాడు. "సరే. ఇంకో సంగతి. పోయినవాళ్ళ పరువు వాళ్ళతోనే పోయిందంటారు కోర్టులో. బతికున్నవాళ్ళ పరువుకు దెబ్బ తగిలిందని చూపించాలి. సినిమాలో ఉన్న భార్య, బతికున్న భార్య, మీ అమ్మగారు. కాబట్టి ఈ అఫిడవిటే మన వెన్నెముక. ఇది లేకుంటే స్టే లేదు. అమ్మా, ఇంగ్లీషులో ఉంది, నేను చదివి చెప్తా, వినండి."

తలుపు దగ్గరి స్టూలు మీద శశికళ బండి తాళాన్ని వేలికి తిప్పుతూ కూర్చుంది.

"ఒకటి. నా భర్త నా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. రెండు. నా ఎడమ మణికట్టు బావి దగ్గర జారిపడి విరిగింది. మూడు. నేను నా భర్తను ఎన్నడూ కొట్టి ఎరగను. నాలుగు..." లాయరు మంజునాథ్ వైపు చూశాడు. మంజునాథ్ తలాడించాడు. "నాలుగు. మా ఇంటి సంగతులను నా కోడలు శశికళ నా అనుమతి లేకుండా సినిమావాళ్ళకు చేరవేసింది."

తాళం తిరగడం ఆగింది.

"ఎప్పుడు రాయించినావు ఇది?" అంది శశికళ.

"నిన్ననే," అన్నాడు మంజునాథ్. "కర్పూరం నీకిచ్చిన లాస్టు ఛాన్సు."

"భలే. ఇంక కోర్టులో కూడా నేనే దొంగ."

"కాకుంటే ఎవరే?"

లాయరు కాగితాన్ని, పెన్నును సావిత్రమ్మ ముందు పెట్టాడు. "చివర సంతకమమ్మా. ఇదంతా నిజమని ప్రమాణం చేసినట్టు."

సావిత్రమ్మ పెన్ను తీసుకుంది. కాగితంలో ఒక్క అక్షరమూ ఆమెకు తెలియదు, కన్నడంలో సంతకం మాత్రం వస్తుంది. "దీంట్లో మూడోది ఎక్కడుండాదప్పా?"

"ఇదిగో, ఇక్కడ. ఎందుకమ్మా?"

"దాని కింద పెడతా. అది నిజం. నేను ఆయన్ని ఎన్నడూ కొట్టలే." పెన్నుతో ఆ వరసకు పైనా కిందా చూపించింది. "మిగతా మూడూ కొట్టెయ్."

"అమ్మా!" మంజునాథ్ కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది. "మతుండాదా నీకు?"

"సహనకు చెప్పింది నేను. వాళ్ళన్నకు చెప్పుకో అన్నదీ నేనే. ఈమెకేం తెలీదు." అని, కోడలి వైపు చూసి సరిచేసుకుంది. "తెలుసు. ఈమె చెప్పలే."

కింద బేకరీలో ఎవరో మిక్సరు వేశారు. అది ఆగాక మంజునాథ్ కుర్చీ మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

"తెడ్డు కూడా నువ్వే చెప్పినావా?" అన్నాడు మంజునాథ్. గొంతు బాగా తగ్గింది. ఆ తగ్గిన గొంతు సావిత్రమ్మకు బాగా ఎరిక. ఆయనకూ అట్లాగే తగ్గేది, పట్టు వేసే ముందు.

"చెప్పినా. అది ఒక్కటే కోత."

"యలహంకంతా నాయన్ని దేవుడంటాది. నువ్వు ఆయన ఉప్పు తిని..."

"ఉప్పు గురించే కదప్పా విరిగింది."

"అబద్ధం!"

మూడు రోజుల్లో అతనా మాట అనడం ఇదే మొదలు. సావిత్రమ్మ కొడుకును తేరిపార చూసింది.

"గుడ్లు తెచ్చింది నువ్వే కదా మంజూ. అంగట్లోనుంచి మూడు గుడ్లు. దోవలో ఒకటి పగిలిపోయిందని, నాయన కొడతాడని, తలుపు చాటున నిలబడి ఏడిస్తివి. నేను తొక్కితే పగిలిందని చెప్తి."

"నాకప్పుడు తొమ్మిదేండ్లు."

"ఇప్పుడు నలభై ఎనిమిది."

అడ్డాల నాడు బిడ్డలు గాని గడ్డాల నాడు బిడ్డలా అంటారు. మంజునాథ్ గడ్డం గోక్కున్నాడు. ఆ ఒక్క క్షణం గుడ్లు పట్టుకున్న పిల్లవాడు ముఖంలోకి వచ్చి, కూర్చునే చోటు లేక వెళ్ళిపోయాడు.

"దావా ఆగదు సార్," అన్నాడు లాయరుతో.

"అమ్మగారు లేకుండా అది నిలవదు సార్. పైగా ఇప్పుడామె చెప్పింది అవతలివాళ్ళ చెవిన పడితే వాళ్ళే సాక్షిగా పిలుస్తారు. మీ యూట్యూబు ఇంటర్వ్యూ కూడా వాళ్ళ దగ్గరుంది. పదహారు చక్రాలని మీరే అన్నారట."

"నా పరువు పోయింది. నా పేరు మీద వెయ్యండి. నిలిస్తే నిలుస్తుంది, లేకుంటే లేదు."

"వేస్తే..." లాయరు పెన్ను మూత పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. "నిర్మాత, దర్శకుడు, రచయిత, పంపిణీదారు. నలుగురు ప్రతివాదులు. కథ ఇచ్చింది అమ్మగారు. ఆమెను కూడా కలపాల్సి వస్తుంది."

"అంటే?"

"అంటే మీరు మీ అమ్మగారి మీద దావా వేసినట్టు. ఇంటికి పోయి నిదానంగా ఆలోచించుకుని..."

"ఐదో నంబరు వెయ్యండి."

"సార్..."

"వెయ్యండంటా ఉండా!"

పక్క బల్ల దగ్గర టైపు చేసే మౌనిక లాయరు వైపు చూసింది. లాయరు కళ్ళతోనే ఊ అన్నాడు. ఆమె కొత్త వరస తెరిచింది.

"ఐదో ప్రతివాది, సావిత్రమ్మ. వయసు అవ్వా?"

"డెబ్బై ఒకటి."

"ఎవరి భార్య?"

పెళ్ళైన యాభై మూడేళ్ళలో సావిత్రమ్మ ఆ పేరు పలకలేదు. మొగుడి పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందన్నారు, చెప్పలేదు. పోయాక చెప్పొచ్చు కదా అన్నారు, అలవాటు లేక నోరు రాలేదు. రేషన్ కార్డు దగ్గర, ఆసుపత్రిలో, బ్యాంకులో, ఎవరో ఒకరు పక్కనుంచి అందించేవాళ్ళు. ఇప్పుడూ మంజునాథ్ అలవాటు కొద్దీ అందుకున్నాడు.

"కీర్తిశేషులు గరడి..."

"నిలుపమ్మా," అంది సావిత్రమ్మ. "కూతురని రాయొచ్చా?"

మౌనిక వేళ్ళు ఆగాయి. హేమంత్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "రాయొచ్చమ్మా. చట్టంలో అడ్డేం లేదు."

"అయితే రాయి. పెద్దమునియప్ప కూతురు."

"ఆయనేం చేసేవారవ్వా?" అంది మౌనిక. అది కాగితంలో అడిగే ప్రశ్న కాదు, పిల్లకు ఊరికే నోట్లోంచి వచ్చింది.

"కొత్తిమీర అమ్మేవాడు. లారీ వస్తే పక్కకు జరిగేవాడు."

కీబోర్డు కాసేపు టకటకమంది.

"అడ్రసు?" అంది మౌనిక. తెర మీద పైకి జరిపి చూసింది. "వాదిదీ అవ్వదీ ఒకటే కదా సార్? పాతూరు ఇల్లే?"

మంజునాథ్ లేచాడు. చొక్కా సర్దుకుని, ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఖాళీగా పెట్టు."

"సమన్లు పోవాల కదా సార్?"

"సాయంత్రం లోపల చెప్తా. ఆ ఇల్లు మాత్రం రాయొద్దు."

తల్లివైపు చూడకుండా, పెళ్ళాన్ని దాటుకుని మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీదా బరువుగా పడిన అడుగులు చివరికి బేకరీ గలాటలో కలిసిపోయాయి.

లాయరు ఫైలు మూశాడు. మౌనిక ఖాళీ వరసలో కర్సరు మినుకుమినుకుమంటుంటే దాన్నే చూస్తోంది. సావిత్రమ్మ ఇంకా పెన్ను పట్టుకునే ఉంది. ఎవరి పెన్నో, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

శశికళ స్టూలు మీంచి లేచి వచ్చి ఆ పెన్ను లాక్కుని బల్లమీద పెట్టింది. ముఖంలో దయ లాంటిదేమీ లేదు.

"ఏమత్తా, బండెక్కుతావా లేదా?" అంది. "ఎక్కడికని మాత్రం అడగొద్దు. నాకూ తెలీదు."